గొఱ్ఱెపిల్లలను అప్పగించే ముందు



గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన మనకు ఏటిగట్టు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. వరదల కాలం వచ్చి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక వినిపించగానే లస్కర్లు గట్టు మీద రాత్రింబవళ్లు తిరుగుతారు. ఎక్కడ ఎలుక బొరియ పడింది, ఎక్కడ పీత కన్నం చేసింది, ఎక్కడ నీరు ఊట వేస్తోంది అని టార్చిలైటు వేసి అడుగడుగూ చూస్తారు. వాళ్లను చూసి, "ఇంత మంచి గట్టును అనుమానిస్తారా?" అని ఎవరైనా కోప్పడ్డారా? లేదు. 1986 ఆగస్టు వరద చూసిన వాళ్లెవరూ ఆ మాట అనరు. అప్పుడు నేను ఇంకా చదువుకునే కుర్రవాణ్ణి. గట్టు తెగిన ఊళ్లలో మనుషులు ఏ కళ్లతో నీళ్ల వైపు చూశారో ఇప్పటికీ నాకు గుర్తుంది. గట్టును పరీక్షించేది గట్టు మీద ద్వేషంతో కాదు, గట్టు వెనక పడుకున్న పిల్లల మీద ప్రేమతో.

ఈ వారం మీతో మన పిల్లలకు ఆటలు నేర్పే వాళ్ల గురించి మాట్లాడాలనుకుంటున్నాను. ప్రసంగపీఠానికి తగిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. చివరిదాకా చదివి మీరే చెప్పండి.

ఈ రోజుల్లో ఆటలంటే మన వైపు ఎంత మోజు పెరిగిందో మీకు తెలుసు. అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్ బ్యాడ్మింటన్ డబుల్స్‌లో 2022 కామన్వెల్త్ క్రీడల స్వర్ణం తెచ్చాక కోనసీమలో ఎన్ని ఇళ్లలో పిల్లల చేతికి రాకెట్లు వచ్చాయో లెక్కలేదు. ఆయన తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. కొడుకును ఆటలో పెట్టింది ఆయనే. అది చాలా సంతోషించదగిన సంగతి. వేసవి వస్తే చాలు, రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో క్రికెట్ క్యాంపులు, ఈత తరగతులు, కరాటే, స్కేటింగ్. మన విచారణల్లోనూ వాలీబాల్, కబడ్డీ జట్లు. శ్రీసభ కూడా ఆటలను చిన్నచూపు చూడలేదు. పునీత డాన్ బోస్కోగారు వీధి పిల్లలను దేవుని దగ్గరకు నడిపించింది ఆటస్థలం మీదుగానే. 2018లో రోమునుండి వెలువడిన క్రీడల మీది పత్రం కూడా ఆటను మెచ్చుకుంటూనే, ఆటలో పిల్లలు దుర్వినియోగానికి గురికాకుండా కాపాడాలని హెచ్చరించింది.

అయితే ఒక్క ప్రశ్న. పాప పెళ్లికి సంబంధం వస్తే అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ చూస్తాం. పొలం కౌలుకిచ్చేటప్పుడు మనిషి ఎలాంటివాడో పది మందిని వాకబు చేస్తాం. గల్ఫు వెళ్లడానికి పాస్‌పోర్టు పెడితే కానిస్టేబులు ఇంటికొచ్చి వివరాలు రాసుకుంటాడు. దానికి మనం నొచ్చుకోం. మరి తెల్లవారుజామున అయిదింటికి మన పిల్లవాణ్ణి బండి మీద తీసుకెళ్లి, పొరుగూరి పోటీలకు తీసుకెళ్లి, రాత్రి లాడ్జీలో పడుకోబెట్టే కోచ్ ఎవరు, ఎక్కడినుండి వచ్చాడు, అక్కడ ఎందుకు మానేశాడు అని ఎంతమందిమి అడిగాం?

నేను అడగలేదు. ఈ మాట రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

కొన్నేళ్ల క్రితం, నేను వేరొక విచారణలో ఉన్నప్పుడు, మా యువత వాలీబాల్ నేర్పడానికి ఒక యువకుణ్ణి తీసుకొచ్చారు. మంచి ఆటగాడు. మర్యాదస్తుడు. దివ్యబలిపూజకు ముందే వచ్చి కుర్చీలు వేసేవాడు. అంతకుముందు ఒక చోట కోచ్‌గా చేశానని చెప్పాడు. ఎక్కడ అని అడిగాను. ఎందుకు మానేశావని అడగలేదు. అక్కడికి ఒక్క ఫోను కూడా చేయలేదు. ఉచితంగా నేర్పే మనిషి దొరికినప్పుడు ఆరాలు తీయడం బాగుండదనిపించింది.

కొన్ని నెలలకు ఒక తల్లి వచ్చి, "ఏంటోనండీ ఫాదర్ గారూ, బాబు గ్రౌండుకి వెళ్లనంటున్నాడండి, మీరొకసారి చెప్పండి" అంది. నేను ఆ పిల్లవాణ్ణి పిలిచి బద్ధకం మంచిది కాదని నాలుగు ముక్కలు చెప్పాను. వాడు తల వంచుకుని విన్నాడు. మళ్లీ వెళ్లాడు. నేను చెప్పాననే వెళ్లాడు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. తరువాత కొద్ది రోజులకు వాడు నాయనమ్మ దగ్గర నోరు విప్పాడు. ఆవిడ చదువుకోలేదు కానీ మనవడి మాట నమ్మింది. ఆ రోజే నాకు చెప్పింది.

అప్పుడు చేశాను ఫోను, ఆ పాత చోటికి. అవతలి పెద్దమనిషి కాసేపు మౌనంగా ఉండి, "మా దగ్గరా ఏదో వినపడిందండి. ఎందుకొచ్చిన గొడవని నెమ్మదిగా పంపించేశాం. మీరు ముందే అడిగితే చెప్పేవాళ్లమండీ" అన్నాడు.

మీరు ముందే అడిగితే! ఆ మాట నా మీద ఇప్పటికీ తీర్పుగా నిలిచి ఉంది. తల్లిదండ్రులతో కలిసి పోలీసు స్టేషనుకు వెళ్లాం. ఆ బిడ్డను గుర్తుపట్టే మాట ఇంకొకటి రాయను. అలా రాయకూడదని చట్టం కూడా చెబుతోంది.

చట్టం అన్నాను గనుక దాని సంగతి కొంచెం తెలుసుకుందాం. పిల్లలను లైంగిక నేరాలనుండి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. ఆ సంవత్సరం నవంబరు 14న, పిల్లల పండుగ నాడు, అమల్లోకి వచ్చింది. 18 ఏళ్లు నిండని బాలురకూ బాలికలకూ అది సమానంగా వర్తిస్తుంది. మగపిల్లవాడికి ఏమవుతుందిలే అనే మన ఊరి భ్రమను చట్టం ఒప్పుకోలేదు. ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 6 నెలల వరకు జైలు. ఒక సంస్థకు అధిపతిగా ఉండి తన కింద పనిచేసేవాడి నేరాన్ని చెప్పకపోతే ఏడాది వరకు జైలు. నెమ్మదిగా పంపించేయడం అనే పెద్దమనిషి తరహాకు చట్టంలో చోటు లేదు.

2020లో ఆ చట్టం కింద కొత్త నిబంధనలు వచ్చాయి. పిల్లలతో క్రమం తప్పకుండా మెలిగే సంస్థలన్నీ, అంటే బడులు, శిశు సంరక్షణ కేంద్రాలు, క్రీడా అకాడమీలు, తమ సిబ్బంది ప్రతి ఒక్కరికీ పోలీసు వెరిఫికేషన్, పూర్వాపరాల విచారణ చేయించాలి. ఒకసారి చేయించి ఊరుకోకుండా కాలానుగుణంగా మళ్లీ మళ్లీ చేయించాలి. పాఠం చెప్పేవారు, చెప్పనివారు, పర్మినెంటు, కాంట్రాక్టు అనే తేడా లేదు. ఎందుకు లేదో హైదరాబాద్ బంజారాహిల్స్ ఉదంతం చెబుతుంది. అక్కడ 2022లో ఒక బడి పసిపాప మీద అఘాయిత్యం చేసింది ఉపాధ్యాయుడు కాదు, ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ల శిక్ష వేసింది. 2018లో కేంద్ర ప్రభుత్వం లైంగిక నేరస్తుల జాతీయ జాబితా కూడా తయారుచేసింది. అయితే దాన్ని చూడగలిగేది పోలీసులే. మీరూ నేనూ చూడలేం. కనుక వెరిఫికేషన్ అడగడం మానేస్తే ఆ జాబితా ఉండీ మనకు లేనట్టే.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. నేను ఆనాడు పోలీసు కాగితం అడిగి ఉన్నా అందులో ఏమీ దొరికేది కాదు. ఎందుకంటే పాత చోటివాళ్లు కేసు పెట్టలేదు. పోలీసు రికార్డులో పడనివాడు కాగితం మీద పునీతుడే.

ఇంగ్లాండులో ఈ సంగతి రక్తం చూసి నేర్చుకున్నారు. 2002 ఆగస్టులో సోహమ్ అనే చిన్న ఊళ్లో పదేళ్ల బాలికలు ఇద్దరు హత్యకు గురయ్యారు. చంపినవాడు అక్కడి బడిలో కేర్‌టేకర్. అంతకుముందు వేరే జిల్లాలో అతని మీద చాలా ఆరోపణలు వచ్చాయి. ఏదీ శిక్షదాకా వెళ్లలేదు. అక్కడి పోలీసులు ఆ సమాచారాన్ని సరిగా భద్రపరచలేదు, కొత్త చోటికి అందలేదు. 2004లో విచారణ సంఘం ఆ లోపాలను బయటపెట్టాక ఆ దేశం పిల్లలతో పనిచేసేవారి తనిఖీ పద్ధతినే మార్చుకుంది. అమెరికాలో జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడొకడు ఏళ్ల తరబడి పిల్లలను చెరిచాడు. 2018 జనవరిలో కోర్టులో 150 మందికి పైగా నిలబడి గోడు చెప్పుకున్నారు. అతని సర్టిఫికెట్లన్నీ శుభ్రంగానే ఉండేవి. పిల్లలు చెప్పిన మాటలు పెద్దల దగ్గర ఆగిపోయాయి.

లోకం తప్పులు ఎంచి మన గుమ్మం ముందు ఊడ్వకపోతే అది పరిసయ్యుల పని. మన శ్రీసభలోనూ అనేక దేశాల్లో ఇదే జరిగింది. తప్పు చేసిన గురువును ఒక విచారణనుండి మరొక విచారణకు, ఎవరికీ చెప్పకుండా, బదిలీ చేశారు. పరువు కాపాడుకుందామనుకుని పిల్లలను పోగొట్టుకున్నారు. జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు 2019 మే నెలలో ఇచ్చిన శాసనంలో, ఇలాంటి సంగతి తెలిసిన ప్రతి గురువూ, ప్రతి మఠవాసీ శ్రీసభ అధికారులకు తెలియజేయడం విధి అని నిర్ణయించారు. అదే ఏడాది డిసెంబరులో ఈ కేసుల మీద ఉన్న పోపుగారి రహస్య ముద్రను ఎత్తివేశారు. కాబట్టి కోచ్‌ను అడగమని చెబుతున్న నేను, నన్నూ అడగమని ముందుగా చెబుతున్నాను.

ఇప్పుడు మీ మనసులో మెదిలే అభ్యంతరాలకు వద్దాం.

మొదటిది: మంచివాణ్ణి పట్టుకుని పోలీసు కాగితం తెమ్మంటే అవమానం కాదా? పరులను తీర్పు తీర్చవద్దని ప్రభువు చెప్పలేదా? పెద్ద సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసుగారు నాకు ఈ చిక్కు విప్పారు. ఆయన రెండు సంగతులను వేరు చేస్తారు. ఒక మనిషి ఎలాంటివాడని నిర్ణయించేటప్పుడు, ఆధారం లేనిదే మంచివాడనే అనుకోవాలి. కానీ ఒక కీడుకు విరుగుడు ఏర్పాటు చేసేటప్పుడు, ఆ కీడు ఎక్కువ స్థాయిలో ఉందనే అనుకుని ఏర్పాటు చేయాలి. పెద్ద రోగానికి పనిచేసే మందు చిన్నదానికీ పనిచేస్తుంది కదా! మొదటిది మనిషి మీద తీర్పు, రెండవది జాగ్రత్త. గట్టు మీద లస్కరు చేసేది ఈ రెండవదే. అందరినీ అడిగితే ఎవరికీ అవమానం ఉండదు. నచ్చనివాణ్ణి ఒక్కణ్ణే అడిగితేనే అవమానం.

నా గురుపట్టాభిషేకానికి ముందు మా ఊరి దేవాలయంలో నా పేరు చదివి, ఇతనికి పట్టం ఇవ్వకూడని కారణం ఎవరికైనా తెలిస్తే చెప్పాలని ప్రకటించారు. ఆ రోజు మా అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూస్తూ కూర్చుంది. ఆమెకు భయం వేసింది, కానీ అవమానం అనుకోలేదు. మన పెళ్లి ప్రకటనలూ అంతే. పునీత పౌలుగారు తిమోతికి రాసిన మొదటి లేఖ మూడవ అధ్యాయంలో పరిచారకులను ముందు పరీక్షించి, ఆ తరువాతే పని అప్పగించమంటారు. పెద్దగా ఉండబోయేవాడికి సంఘం వెలుపలివారి దగ్గర కూడా మంచి పేరుండాలంటారు. వెలుపలివారి దగ్గర! ఈ రోజు భాషలో అది పాత చోటికి ఫోను చేయడమే.

రెండవది: మరి క్షమాపణ మాటేమిటి? ఒకప్పుడు తప్పు చేసి మారినవాణ్ణి జీవితాంతం వెంటాడాలా? ఇది బరువైన ప్రశ్న. మన డెల్టాలో సంక్రాంతి కోడిపందాల్లో పట్టుబడినవాళ్లు, ఎన్నికల తగాదాల్లో కేసులు పడ్డవాళ్లు ఊరికి పది మంది ఉంటారు. పందెం కేసు ఉన్నంత మాత్రాన ఒకడు పిల్లలకు ప్రమాదకారి కాడు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగాల విషయమై ఇలాంటి వివేకమే చూపింది. అడిగినప్పుడు కేసుల సంగతి నిజం చెప్పాలని అంటూనే, ఆ కేసు ఎలాంటిదో, చేయబోయే పని ఎలాంటిదో చూసి నిర్ణయించాలని చెప్పింది. కనుక నిజాయతీగా చెప్పుకున్న చిన్న తప్పు వేరు, పిల్లల జోలికి వెళ్లిన నేరం వేరు. ఆ రెండవదాని విషయంలో నా మాట ఒక్కటే: ఆ మనిషిని దేవుడు క్షమిస్తాడు, మనమూ క్షమించాలి, దేవాలయంలో చోటివ్వాలి. మైదానంలో పిల్లలను మాత్రం అప్పగించకూడదు. నిజంగా పశ్చాత్తాపపడినవాడు ఆ చోటు అడగడు కూడా.

అపోస్తలుల కార్యముల తొమ్మిదవ అధ్యాయం చూడండి. సౌలు మారి యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులు భయపడ్డారు. వాళ్ల భయాన్ని గ్రంథం తప్పు పట్టదు. బర్నబా అతని చేయి పట్టుకుని తీసుకువచ్చి, దమస్కులో ఏం జరిగిందో అంతా వివరించి చెప్పాడు. పాత సంగతి కప్పిపెట్టలేదు, పూచీ పడ్డాడు. సిఫారసు ఉత్తరం రాసే పెద్దలందరూ బర్నబాలా రాయాలి. తెలిసింది చెప్పాలి, తెలియనిదానికి పూచీ పడకూడదు.

మూడవది: ఎవరైనా కక్షతో అబద్ధం చెబితే? దురుద్దేశంతో తప్పుడు ఫిర్యాదు చేసేవారికి పోక్సో చట్టంలోనే శిక్ష ఉంది. మంచి మనసుతో చెప్పినవారికి రక్షణ ఉంది. ఇక పసివాడు చెప్పిన మాటలో నిజమెంతో తేల్చడం పోలీసుల పని, కోర్టు పని. వినడం మన పని.

అయితే ఏం చేయాలి? నేను ఇప్పుడున్న విచారణలో పాటిస్తున్నవి చెబుతాను. పిల్లలకు ఆట నేర్పడానికి, ఉచితంగానైనా సరే, ఎవరు వచ్చినా పోలీసు వెరిఫికేషన్ తీసుకుంటాం. తన మీద ఏ కేసులున్నదీ లేనిదీ సొంత దస్తూరీతో రాసి సంతకం పెట్టమంటాం. ఇంతకుముందు పనిచేసిన చోటికి ఫోను చేసి ఒకే ప్రశ్న అడుగుతాం: "మీ సొంత పిల్లవాణ్ణి మళ్లీ ఈయన దగ్గరకు పంపుతారా?" జవాబు వచ్చేలోపు ఎంతసేపు మౌనం ఉందో కూడా వింటాం. మైదానంలో ఎప్పుడూ పెద్దవాళ్లు ఇద్దరు ఉండాలి. ఒక పిల్లవాడితో ఒక పెద్దమనిషి మూసిన గదిలో ఉండకూడదు. ఆ నియమం నాకూ వర్తిస్తుంది. పొరుగూరి పోటీలకు తల్లిదండ్రుల్లో ఒకరైనా తోడు వెళ్లాలి. డాన్ బోస్కోగారి పద్ధతి కూడా ఇదే: తప్పు జరిగాక దండించడం కన్నా, తప్పుకు చోటు లేకుండా పిల్లల మధ్య పెద్దలు ఎప్పుడూ ఉండటం.

తల్లులారా, తండ్రులారా, పిల్లవాడు ఇష్టంగా వెళ్లే ఆటకు ఒక్కసారిగా వెళ్లనంటే నాలాగా బద్ధకమని తీర్మానించకండి. పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. వాడు చెప్పింది నమ్మండి. 1098 నంబరు ఇంట్లో గోడ మీద రాసిపెట్టండి. పరువు పోతుందని మాత్రం నోరు నొక్కకండి. పరువు పోవలసింది చేసినవాడిది, పసివాడిది కాదు.

కోచ్‌లుగా ఉన్న అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా, మీలో నూటికి తొంభై తొమ్మిది మంది ఎండలో నిలబడి జీతం సరిగా లేకపోయినా పిల్లలను తీర్చిదిద్దుతున్నవారే. ఆ కాగితం ఎవరూ అడగకముందే మీరే తెచ్చి ఇవ్వండి. అది మీకు మచ్చ కాదు, మీ వృత్తికి గౌరవం.

యోహాను సువిశేషం చివరి అధ్యాయంలో తిబేరియా సముద్రం ఒడ్డున క్రీస్తునాథుడు నిప్పులు రాజేసి చేపలు కాల్చి శిష్యులకు వడ్డించాడు. తిన్న తరువాత పేతురును పక్కకు తిప్పి, నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. పేతురు నొచ్చుకున్నాడని కూడా సువిశేషంలో ఉంది. ప్రభువుకు పేతురు హృదయం తెలియక అడిగాడా? అతణ్ణి అప్పటికి క్షమించలేదా? క్షమించాడు, భోజనం కూడా పెట్టాడు. అయినా అడిగాడు. ఎందుకంటే ఆ ప్రశ్న తరువాత అతని చేతికి ఇవ్వబోయేది ఏమిటో చూడండి. మొట్టమొదట అప్పగించింది గొఱ్ఱెలను కాదు, గొఱ్ఱెపిల్లలను.

సర్వం తెలిసిన ప్రభువే పేతురు నొచ్చుకున్నా మూడుసార్లు అడిగాడు. ఏమీ తెలియని నేను ఒక్కసారి అడగడానికి మొహమాటపడ్డాను. మీరు మొహమాటపడకండి. ఈ వేసవిలో మీ పిల్లవాణ్ణి మైదానానికి పంపే ముందు అడగండి.

ఆ బిడ్డ కోసం, వాడిలాంటి బిడ్డలందరి కోసం ఈ ఆదివారం దివ్యబలిపూజలో ప్రార్థించండి. నా కోసం కూడా.